చందా నుంచి కడలికి.. ఆగిపోయిన ఓడల దారి

* వార్ధా నీళ్లపై ఆవిరి పడవలు నడపాలని 160 ఏళ్ల కిందటే పథకం
* ఆ బాటలో పాత రేవు ఊళ్లు.. సెలవులకు చూడదగ్గ చోట్లు
* పడవెక్కే ముందు చూసుకోవాల్సినవీ ఉన్నాయి

చంద్రపూర్: ఏప్రిల్ సగం గడిచిందంటే చందాలో మధ్యాహ్నం పూట రోడ్డు మీద మనిషి కనిపించడు. 45 డిగ్రీలంటే ఇక్కడ వార్తే కాదు. 47, 48 చూసిన వేసవులూ ఉన్నాయి. చుట్టూ బొగ్గు గనులు, ఊరి పక్కనే థర్మల్ కేంద్రం.. రాత్రి పది దాటినా గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి. బళ్లకు సెలవులివ్వగానే ఇంటింటా ఒకటే మాట.. ఎక్కడికైనా నీళ్లున్న చోటికి పోదాం! తాడోబా పులులు ఎలాగూ పక్కింటివే. మహాకాళి జాతర చైత్రంలోనే అయిపోతుంది. ఇక మిగిలింది సముద్రం.

సముద్రం అనగానే ఈమధ్య ఓడ మాట వినపడుతోంది. 2022 జూన్‌లో కార్డేలియా సంస్థ వారి ఎంప్రెస్ అనే విహార నౌక విశాఖకు వచ్చి జనాన్ని ఎక్కించుకుని చెన్నై వైపు సాగింది. 2025లోనూ వచ్చింది. 2023లో విశాఖ రేవులో ఇలాంటి ఓడల కోసమే ప్రత్యేకంగా టెర్మినల్ కట్టారు. ఓడలోనే హోటలు, ఈతకొలను, ఆటపాటలు. డబ్బున్నవాళ్లకు ముచ్చటైన విహారమే, కాదనలేం. అయితే ఒక లోటుంది. కోరంగి, యానాం, మచిలీపట్నం లాంటి పాత రేవుల పక్క నుంచే పోతుంది గానీ ఆంధ్ర తీరంలో విశాఖ తప్ప ఎక్కడా ఆగదు. చరిత్ర చూద్దామని ఎక్కినవాడికి చుట్టూ నీళ్లే కనిపిస్తాయి.

చందా వాళ్లకు సముద్రానికి ఇంకో దారి ఉంది. అది ఇంటి గుమ్మం నుంచే మొదలవుతుంది. ఊళ్లోని ఝరపట్ వాగు ఇరాయిలో, ఇరాయి వార్ధాలో కలుస్తాయి. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహిత. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరి. అక్కడి నుంచి భద్రాచలం, పాపికొండలు, రాజమండ్రి, కోరంగి.. అంచలేశ్వర్ దర్వాజా దగ్గర పడిన వాన చుక్క బంగాళాఖాతంలో తేలుతుందన్నమాట. ఈ దారిన మనుషుల్ని, పత్తి బేళ్లను కూడా పడవల్లో దింపాలని ఒకప్పుడు నిజంగానే పని మొదలుపెట్టారు. లక్షలు ఖర్చు పెట్టారు. సగంలో ఆపేశారు.

పత్తి కోసం పుట్టిన పథకం

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. దాన్ని కట్టిన ఆర్థర్ కాటన్‌కు నది అంటే పొలాలకు పారే నీరు ఒక్కటే కాదు, సరుకు మోసే రోడ్డు కూడా. రైలు కన్నా పడవ చౌక అని జీవితాంతం వాదించిన మనిషి ఆయన. గోదావరి మీదుగా నాగపూర్ సీమ దాకా జలమార్గం వేయాలన్న ఆలోచన 1850ల తొలినాళ్లదే. ఎగువ గోదావరి పనుల బాధ్యత హేగ్ అనే సైనిక ఇంజినీరు చూశాడు.

అదే సమయానికి అమెరికాలో అంతర్యుద్ధం (1861-65) వచ్చి పడింది. ఇంగ్లండు మిల్లులకు అక్కడి పత్తి ఆగిపోయింది. అందరి కళ్లూ బేరార్ మీద, హింగన్‌ఘాట్ మీద పడ్డాయి. ఇప్పటికీ పత్తి బజారుకు పేరున్న ఆ హింగన్‌ఘాటే. అక్కడి పత్తి బండ్ల మీద నెలల తరబడి బొంబాయికి పోయేది. నది మీదుగా దింపితే కోరంగి, కాకినాడ రేవులకు చేరుతుంది, తిరుగు పడవల్లో సముద్రపు ఉప్పు పైకి తేవచ్చు అని లెక్క కట్టారు. 1862 నుంచి సెంట్రల్ ప్రావిన్సెస్ చీఫ్ కమిషనర్‌గా ఉన్న రిచర్డ్ టెంపుల్ ఈ పథకాన్ని గట్టిగా వెనకేసుకొచ్చాడు.

చిక్కల్లా రాళ్లతోనే. నదిలో మూడుచోట్ల మైళ్ల పొడవున రాతి అడ్డంకులున్నాయి. మొదటిది దుమ్ముగూడెం, రెండోది ఇచ్చంపల్లి, మూడోది అహేరి వైపు దేవల్‌మరి. ఆ మూడుచోట్లా ఆనకట్ట కట్టి, పక్కనుంచి కాలువ తవ్వి, లాకుల ద్వారా పడవలు దాటించాలని పథకం. లాకంటే పెద్ద విద్యేం కాదు. కాలువకు ముందొక తలుపు, వెనకొక తలుపు. పడవ లోపలికి వచ్చాక వెనక తలుపు మూసి పైనుంచి నీళ్లు వదులుతారు. నీటితో పాటు పడవా లేస్తుంది. పై మట్టానికి సమానమయ్యాక ముందు తలుపు తీస్తారు. గోదావరి జిల్లాల్లో చిన్న పిల్లాడికి కూడా తెలిసిన సంగతి. చందా పిల్లలకు మాత్రం కొత్తే.

దుమ్ముగూడెంలో పని చాలావరకు అయింది. పైరెండు అడ్డంకులు కాలేదు. అడవి జ్వరాలకు కూలీలు నిలవలేదు. రాళ్లు తవ్వినకొద్దీ ఖర్చు పెరిగింది. అంతకన్నా పెద్ద చిక్కు.. నదిలో పడవ నడిచేంత నీళ్లుండేది వానాకాలం, ఆ తర్వాత కొన్ని నెలలే. పత్తి తీసి, ఒలిచి, బేళ్లు కట్టేసరికి నది ఎండుముఖం పడుతుంది. ఈలోపు 1867లో బొంబాయి రైలు నాగపూర్ చేరింది. అమెరికా యుద్ధమూ ముగిసి పత్తి ధర దిగింది. దాదాపు 70 లక్షల రూపాయలు పోశాక 1871లో పథకాన్ని మూసేశారు. ఆనాటి 70 లక్షలు!

వేసవిలో ఈ దారిన బయల్దేరే వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. మొత్తం దూరం పడవ మీద పోవడం అప్పుడూ కుదరలేదు, ఇప్పుడూ కుదరదు. కొంత బస్సు, కొంత రైలు, నీళ్లున్న చోట మాత్రమే పడవ.

బల్లార్షా కోట దగ్గర్నుంచి

మొదటి మజిలీకి పెద్ద ప్రయాణం అక్కర్లేదు. చందాకు 15 కి.మీ. దూరంలో బల్లార్షా. కాగితం మిల్లు, రైల్వే జంక్షను తప్ప అక్కడేముంది అనుకునేవాళ్లే ఎక్కువ. వార్ధా ఒడ్డున గోండు రాజుల కోట ఉంది. చందా కన్నా ముందు రాజధాని అదే. ఖాండ్‌క్యా బల్లాళ్ షాకు ఒంటి మీద పుండ్లు మానక బాధపడుతుంటే ఝరపట్ గుంటలో నీళ్లు తాకి నయమయ్యాయనీ, అందుకే అక్కడ కొత్త ఊరు కట్టించాడనీ కథ చెబుతారు. ఆ ఊరే చందా. అదే చోట అంచలేశ్వర్ గుడి. జటపురా, పఠాన్‌పురా, బింబా దర్వాజాల మీదుగా రోజూ తిరిగే వాళ్లు కూడా పిల్లలకు ఈ కథ చెప్పరు. ముందు ఇంటి కోట చూపించి తర్వాత ఊళ్లు తిప్పితే బాగుంటుంది.

వార్ధాకు అవతల రాజురా. 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలోని ఆదిలాబాద్ జిల్లాలోదే. తర్వాత నాందేడ్‌కు, 1959లో చందాకు వచ్చింది. రాజురా, గడ్‌చాందూర్, జివతి వైపు తెలుగు ఇప్పటికీ ఇంటి భాషగా ఉండటం వెనక ఈ సంగతి ఉంది.

వార్ధా, వైన్‌గంగ కలిసేది చాప్రాల అభయారణ్యం దగ్గర. దానికి ఎగువన వైన్‌గంగ ఒడ్డునే చామోర్షి తాలూకాలో మార్కండ గుళ్లున్నాయి. విదర్భ ఖజురహో అని పేరు. శివరాత్రి జాతరకు జనం విరగబడతారు గానీ వేసవి పొద్దున్నే పోతే శిల్పాలు తీరిగ్గా చూడొచ్చు. నది అక్కడ ఉత్తరంగా తిరిగి పారుతుంది. తొమ్మిదింటికల్లా చూసి నీడకు చేరుకోవాలి, రాళ్లు కాలిపోతాయి.

సిరొంచ.. జిల్లా కేంద్రం నుంచి తాలూకాకి

చందా నుంచి ఆలాపల్లి మీదుగా సిరొంచకు పోయే దారంతా టేకు అడవి. ఈ అడవి కర్రే ఒకప్పుడు తెప్పలు కట్టి ప్రాణహితలో వదిలితే గోదావరి వెంట రాజమండ్రి దాకా తేలుతూ పోయేది. ఓడల పథకం ఆగింది గానీ కర్ర ప్రయాణం ఆగలేదు. నది పడవను మోయకపోయినా దుంగను మోసింది. దారిలో కమలాపూర్ ఏనుగుల శిబిరం ఉంది. పిల్లలు వెంట ఉంటే తప్పక ఆగాలి.

సిరొంచ చరిత్ర తెలిస్తే ఇప్పటి ఊరిని చూసి నమ్మబుద్ధి కాదు. 1860లో నిజాంకూ బ్రిటిష్ వారికీ ఒప్పందం జరిగింది. గోదావరి, ప్రాణహితల ఎడమ ఒడ్డు తాలూకాలను నిజాం ఇచ్చేశాడు. అదే ఒప్పందంలో నది మీద పడవల రాకపోకలకు సుంకం ఉండరాదనీ రాసుకున్నారు. ఇప్పుడు సిరొంచ ఒక రాష్ట్రం, కాళేశ్వరం ఒక రాష్ట్రం అని గీసి చూపించే గీతకు మొదలు అక్కడుంది. పడవలు అడ్డు లేకుండా నడవాలని రాసుకున్న కాగితమే రెండు ఒడ్లనూ వేరు చేసింది. పడవలు రాలేదు. గీత మాత్రం ఉండిపోయింది.

అలా వచ్చిన తాలూకాలతో ఎగువ గోదావరి జిల్లా అని ఏర్పాటు చేసి సిరొంచను కేంద్రం చేశారు. భద్రాచలం, రేకపల్లి, చెర్ల, నూగూరు, ఆల్బాక.. అన్నీ సిరొంచ కచేరీ కిందవే! జిల్లాను ఏలిన డిప్యూటీ కమిషనర్లలో గ్లాస్‌ఫర్డ్ ఒకడు. ఆయన పేరుతో సిరొంచ తాలూకాలో గ్లాస్‌ఫర్డ్‌పేట అనే పల్లె ఇప్పటికీ ఉంది. ఓడల పథకం మూతపడ్డాక ఈ జిల్లాతో పనేముంది? 1874లో రద్దు చేశారు. భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాజధానిలోకి పోయాయి, సిరొంచ వైపు చందాలో కలిసింది. చెర్ల, నూగూరు, ఆల్బాక కూడా 20వ శతాబ్దం మొదట్లో మద్రాసు వైపే వెళ్లాయి. 1982లో గడ్చిరోలి జిల్లా పుట్టాక సిరొంచ దాని చివరి తాలూకా అయింది. భద్రాచలం వాడూ సిరొంచ వాడూ ఒకప్పుడు ఒకే జిల్లా వాళ్లంటే ఇప్పుడెవరు నమ్ముతారు?

సిరొంచ చుట్టుపక్కల మరో వింత ఉంది. ఇక్కడి రాళ్లలో రాక్షసబల్లులున్నాయి. పోచంపల్లి దగ్గర 1960 ప్రాంతంలో దొరికిన ఎముకలతో బరపసారస్ టాగోరి అని పేరు పెట్టిన భారీ డైనోసార్ అస్థిపంజరాన్ని కోల్‌కతాలోని భారతీయ గణాంక సంస్థలో నిలబెట్టారు. రవీంద్రుని శతజయంతి సందర్భంగా ఆ పేరు. ప్రాణహితకు అవతలి ఒడ్డున యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్ హైదరాబాద్ బిర్లా మ్యూజియంలో ఉంది. కోట అన్నది ఊరి పేరే. సిరొంచకు దగ్గర్లోని వడదంలో శిలాజాల పార్కు ఉంది. ఇంట్లో పిల్లాడు డైనోసార్ బొమ్మలతో ఆడుకుంటుంటే వాడికి అసలు ఊరు చూపించినట్టవుతుంది.

నదిపై వంతెనలు వచ్చాక ఇటువైపు ప్రయాణం సులువైంది. 2016లో కాళేశ్వరం దగ్గర గోదావరి వంతెన తెరిచారు. తర్వాత అర్జునగుట్ట వైపు ప్రాణహిత మీదా వంతెన వచ్చింది. అంతకుముందు పెళ్లికైనా, ఆస్పత్రికైనా నాటు పడవే. ఎండాకాలమైతే ఇసుకలో నడక.

కాళేశ్వరంలో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు.. కాలుడు, ముక్తీశ్వరుడు. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు సిరొంచ, కాళేశ్వరం రెండు ఒడ్లూ జనంతో నిండాయి. 2025 మే నెలలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. రెండూ నడివేసవిలోనే. దిగువన మేడిగడ్డ బరాజ్. 2019 జూన్‌లో ప్రారంభమై 2023 అక్టోబరులో పియర్లు కుంగిన బరాజ్ అదే. నీళ్లు నిలిపినప్పుడు పొలాలు మునుగుతున్నాయని సిరొంచ రైతులు ఆందోళనలు చేశారు. ఒక ఒడ్డుకు ప్రాజెక్టు, మరో ఒడ్డుకు ముంపు.. నది విషయంలో రెండు ఒడ్ల లెక్కా ఒకటి కాదని అక్కడ నిలబడితే తెలుస్తుంది. ఇంకా కిందికి, ఇంద్రావతి కలిసే చోటు దాటాక ఇచ్చంపల్లి. హేగ్ రెండో అడ్డంకి అక్కడే. అటువైపు దారి సరిగా లేదు. కుటుంబంతో పోయేవాళ్లు కాళేశ్వరం నుంచి నేరుగా భద్రాచలం దారి పట్టడమే మేలు.

భద్రాద్రి, దుమ్ముగూడెం

రామయ్యను చూడకుండా ఎవరూ రారు కనుక గుడి గురించి చెప్పేదేం లేదు. కంచర్ల గోపన్న కథ చందాలోని ప్రతి తెలుగింట్లో తెలిసిందే. చాలామంది గుడి నుంచి పర్ణశాలకు ఆటో మాట్లాడుకుని, 35 కి.మీ. వెళ్లి, వెనక్కి వచ్చేస్తారు. ఆ దారిలోనే దుమ్ముగూడెం ఉంది. ఒక అరగంట ఆగండి. ఓడల పథకంలో చెప్పుకోదగ్గంత పూర్తయిన పని అక్కడే ఉంది. నదికి అడ్డంగా పాత ఆనకట్ట, పక్కనుంచి కాలువ. చందా నుంచి వచ్చే పత్తి పడవలు దిగాల్సిన మెట్టు అది. వేసవిలో నీళ్లు తగ్గి రాళ్లు బయటపడినప్పుడు చూస్తే హేగ్‌కు ఎందుకు చెమటలు పట్టాయో అర్థమవుతుంది.

సరిహద్దులు మారడం భద్రాచలానికీ కొత్త కాదు. 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మం జిల్లాకు వచ్చింది. 2014లో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయి పట్నం తెలంగాణలో మిగిలింది. కూనవరం, వీఆర్ పురం అటు.. గుడి ఇటు.

పాపికొండల్లో పడవ.. జాగ్రత్త

ఈ మొత్తం ప్రయాణంలో విహారం అన్న మాటకు తగ్గ పడవ దొరికేది పాపికొండల్లోనే. భద్రాచలం వైపు నుంచి పోయేవాళ్లు వీఆర్ పురం మండలం పోచవరంలో లాంచీ ఎక్కుతారు. రాజమండ్రి వైపు వాళ్లకు గండిపోచమ్మ గుడి దగ్గర రేవు. రెండు కొండల నడుమ గోదావరి సన్నబడి, చీకటిగా, లోతుగా పారుతుంది. పేరంటపల్లిలో బాలానంద స్వామి ఆశ్రమం, వెదురు వస్తువులు అమ్మే కొండరెడ్లు. ఎండ మండుతున్నా కొండల నీడలో గాలి చల్లగా తగులుతుంది. ఒకప్పుడు రాజమండ్రి, భద్రాచలం మధ్య లాంచీలే బస్సులు. చుట్టపుచూపుకు వెళ్లేవాళ్లు, సంతకు పోయేవాళ్లు, సరుకు మూటలు.. అన్నీ లాంచీల్లోనే. ఇప్పుడు పోలవరం ప్రాజెక్టు నీటితో ఆ ఒడ్లు మారిపోయాయి. దేవీపట్నం లాంటి ఊళ్లు ఖాళీ అయ్యాయి. చూడాలనుకునేవాళ్లు వాయిదా వేయకపోవడమే మంచిది.

అయితే 2019 సెప్టెంబరు 15ను మర్చిపోకూడదు. వరద పోటు మీదున్న నదిలో కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ అనే పర్యాటక పడవ మునిగింది. 50 మందికి పైగా చనిపోయారు. సుడులున్న ఆ చోట నుంచి పడవను బయటికి లాగడానికే నెల రోజులకు పైగా పట్టింది. తర్వాత పడవలు ఆపేశారు, కంట్రోల్ రూములు పెట్టారు, తనిఖీలు మొదలుపెట్టి మళ్లీ వదిలారు. నిబంధనలు కాగితం మీద బాగానే ఉంటాయి. ఎక్కేవాళ్లు కూడా చూసుకోవాలి. లైఫ్ జాకెట్ ఇస్తే ఫొటో కోసం విప్పి పక్కన పెట్టడం మనవాళ్లకు అలవాటు. తాళ్లు బిగించి కట్టుకోవాలి. పిల్లలకు వాళ్ల కొలత జాకెట్ ఉందా లేదా అడగాలి. జనం ఎక్కువగా కనిపిస్తే టికెట్ డబ్బు పోయినా సరే దిగిపోవాలి. వర్షాకాలంలో అసలు అటువైపు చూడకూడదు. జూన్ మొదటి వానలు పడే ముందే వెళ్లి రావాలి. బయల్దేరే ముందు పడవలు నడుస్తున్నాయో లేదో ఫోను చేసి కనుక్కోవాలి. గాలివాన వస్తుందంటే ఆపేస్తారు.

నది సముద్రమయ్యే చోట

బల్లార్షాలో రైలెక్కి కాజీపేట, విజయవాడ మీదుగా నేరుగా రాజమండ్రిలో దిగేవాళ్లూ ఉంటారు. కాజీపేట, బల్లార్షా లైను 1929లో పూర్తయింది. కాటన్ నీళ్ల మీద వేయాలనుకున్న దారిని చివరికి ఇనుప పట్టాలు వేశాయి. గనులకు, మిల్లుకు తెలుగు కూలీలు, గుమాస్తాలు, కాంట్రాక్టర్లు చందాకు వచ్చిందీ ఆ పట్టాల మీదే.

రాజమండ్రిలో గోదావరిని చూస్తే ఎండాకాలంలో వార్ధాను చూసిన కళ్లకు నోట మాట రాదు. పుష్కర ఘాట్ నుంచి చూస్తే 1900 నాటి హేవ్‌లాక్ వంతెన కనిపిస్తుంది. రైళ్లు 1997లో ఆగిపోయాయి, వంతెన మిగిలింది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం, బరాజ్, లాకులు చూసి తీరాలి. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది 20వ శతాబ్దపు కట్టడం.

అక్కడి నుంచి గౌతమీ పాయ వెంట యానాం. 1954 దాకా ఫ్రెంచి వాళ్ల పాలన, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. చుట్టూ ఆంధ్ర, నడుమ వేరే పాలన, ఇంట్లో మాత్రం తెలుగే. చందా వాళ్లకు ఇది చెప్పకుండానే అర్థమవుతుంది. బ్రిటిష్ ఇండియాలో శారదా చట్టం వచ్చి బాల్య వివాహాలు నిషేధించినప్పుడు జనం పెళ్లిళ్లు చేసుకోవడానికి యానాం పోయేవాళ్లు. గీత దాటితే చట్టం మారుతుందన్న కిటుకు సరిహద్దు ఊళ్లకు ఎప్పుడూ తెలుసు.

కోరంగి వేరే కథ. ఓడలు కట్టిన, బాగుచేసిన ఊరు. ఇక్కడి నుంచి తెలుగు కూలీలు వేల సంఖ్యలో రంగూన్‌కు ఓడలెక్కారు. బర్మాలో తెలుగువాళ్లందరినీ కోరంగీలు అనడం అలా వచ్చిందే. 1789లో ఒకసారి, 1839లో మరోసారి తుపాను ఉప్పెనలు ఊరిని తుడిచిపెట్టాయి. గోదావరి మోసుకొచ్చిన ఒండ్రుతో రేవూ పూడింది. వ్యాపారం కాకినాడకు తరలింది. ఇప్పుడు కోరంగి అంటే మడ అడవులు. చెక్క వంతెన మీద నడుస్తుంటే రెండు పక్కలా బురదలో వేళ్లు పైకి పొడుచుకు వచ్చి కనిపిస్తాయి. పోటు సమయం చూసి పడవల్లో తిప్పుతారు. దూరంగా హోప్ ఐలాండ్. అదీ గోదావరి ఒండ్రుతో పుట్టిన దీవే. ఆ ఒండ్రులో కొంత వార్ధాది, వైన్‌గంగది కూడా. కాకినాడ ఇక్కడికి 20 కి.మీ. దూరమే. తిరుగు రైలు అక్కడే ఎక్కొచ్చు.

ఇంటి దగ్గరి రేవుల మాటేమిటి?

2016లో కేంద్రం జాతీయ జలమార్గాల చట్టం తెచ్చింది. 111 జలమార్గాల జాబితాలో పెన్‌గంగ - వార్ధా ఉంది, వైన్‌గంగ - ప్రాణహిత కూడా ఉంది. అంటే 1871లో మూసేసిన దారి కాగితం మీద మళ్లీ తెరుచుకుంది! ఏప్రిల్, మేలో అదే జలమార్గాన్ని చాలాచోట్ల పంచె ఎగగట్టుకుని దాటొచ్చు. విహార నౌకల మాట ఎవరైనా చెబితే ముందు నీళ్లెక్కడివని అడగాలి. కాళేశ్వరం, సిరొంచ మధ్య నీళ్లు నిలిచే కాలంలో చిన్న పర్యాటక పడవలు పెట్టాలనడం వేరు, అది సాధ్యమే. దానికన్నా ముందు చేయాల్సింది ఇంకోటుంది.

వంతెనలు వచ్చినా ప్రాణహిత, వైన్‌గంగ మీద నాటు పడవలు ఆగలేదు. వంతెనకు చుట్టు తిరిగి పోవాలంటే గంటలు పడుతుంది, చార్జీలు అవుతాయి. కూలి డబ్బులో అది పెద్ద వాటా. 2019 డిసెంబరులో చింతలమానెపల్లి మండలం గూడెం దగ్గర ప్రాణహితలో పడవ మునిగి ఇద్దరు అటవీ ఉద్యోగులు చనిపోయారు. 2024 జనవరిలో చామోర్షి తాలూకా గణపూర్ దగ్గర వైన్‌గంగలో పడవ బోల్తా పడింది. అందులో ఉన్నది చందా జిల్లా వైపు మిరపకాయలు ఏరడానికి పోతున్న ఆడకూలీలు. పలువురు మునిగిపోయారు. పాపికొండలు చూడబోయే టూరిస్టుకు జాకెట్ తప్పనిసరి. మిరపతోటకు పోయే కూలీకి అడిగే దిక్కు లేదు.

ఒక్కో రేవుకు పది పదిహేను జాకెట్లు, పడవకు మోయదగ్గ జనమెంతో రంగుతో రాసిన గీత, రెండు ఒడ్ల పోలీసులకూ తెలిసిన పడవ వాడి పేరు.. ఇందుకు లక్షలేం అక్కర్లేదు. నది రెండు రాష్ట్రాలది కాబట్టి ఎవరి రేవు ఎవరిదని తేల్చుకోవడంలోనే కాలం గడవకుండా అహేరి, సిరొంచ తహసీల్ కచేరీలూ, అవతలి ఒడ్డు మండలాలూ కూర్చుని మాట్లాడుకోవాలి. మే నెలాఖరు దాకా చాలా రేవుల్లో నీళ్లు మోకాళ్ల లోతే. జూన్‌లో మొదటి వరద దిగేలోపు ఆ జాకెట్లు రేవుకు చేరాలి.